కారు పడని అమ్మతో విశాఖపట్నం

విశాఖపట్నం చూడాలంటే కారు ఉండాలని మాకు చెప్పినవాళ్ళలో ఒక్కరికీ కారు లేదు. ఒకాయనకు మేకలున్నాయి. ఇంకొకాయనకు గిద్దలూరులో టీ కొట్టుంది. అయినా అందరిదీ ఒకటే మాట. "అది కొండల ఊరంట. ఎక్కేది, దిగేది. కారు మాట్లాడుకోకపోతే కాళ్ళు పోతాయి."

మా ఇంట్లో సమస్య కాళ్ళది కాదు. మా అమ్మకు కారు పడదు.

కొందరికి వంకాయ పడదు, కొందరికి అత్తగారు పడదు, మా అమ్మకు కారు పడదు. తలుపు వేసిన చప్పుడు వినగానే మొహం పాలిపోతుంది. రెండో మైలురాయి దాటేలోపు డోకు మొదలవుతుంది. మా చిన్నమామ పెళ్ళికి మార్కాపురం దాకా కారులో వెళ్ళి, పెళ్ళంతా కల్యాణమండపం వెనకాల కొళాయి దగ్గర కూర్చుని విన్నది. ఆటో పడుతుంది. ట్రాక్టరు పడుతుంది. తలుపు దగ్గర కూర్చుంటే రైలు పడుతుంది. బస్సు సగం పడుతుంది, అంటే తిన్నటి రోడ్డు మీద పడుతుంది, మలుపుల్లో పడదు. ఒకసారి నంద్యాల పోతూ నల్లమల ఘాటులో బస్సు ఆపించి, మిగతా దారి నడిచి వస్తానంది. అడవిలో చిరుతలున్నాయమ్మా అన్నాడు కండక్టరు. "ఉంటే ఉండనీ, వాటికి బస్సు లేదు గదా" అంది.

ఆమె పిరికిది అనుకునేరు. ఏటా మిరప కోతలకు మా ఊరినుంచి పాతికమంది ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ముండ్లమూరు వైపు వెళ్ళే ముఠాకు ఆమే మేస్త్రి. రైతులు ఆమెతో బేరమాడడానికి ముందు మంచినీళ్ళు తాగి వస్తారు.

ఇంతకీ యాత్ర ఎందుకంటే, మా చెల్లెలు రూతుకు విశాఖలో నర్సింగ్ సీటు వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటలోపు చేరాలి. అమ్మ అడిగింది ఒకే ప్రశ్న. "పిల్లకు జొరమొస్తే నేను ఒక్కదాన్ని పోగలనా?" తాను పోలేని ఊరికి పిల్లను పంపదు. నాయన చెప్పాడు, పాస్టరయ్య చెప్పాడు. ఆమె వినలేదు. చివరికి నేను చెప్పాను: "రెండు రోజులు ముందే పోదాం. కారు మాటే లేకుండా ఊరంతా చూపిస్తా. చూసినాక నువ్వే చెప్పు."

"చూసి చెప్తా" అంది.

నేను గిద్దలూరులో జిరాక్సు దుకాణంలో పనిచేస్తాను కాబట్టి ప్లాను కాగితం రాసి రెండు కాపీలు తీశాను, ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని. రెండూ నాయన దగ్గరే దాచాను. రెండూ రైల్లోనే పోయాయి. పోయినా నష్టం లేదు, ఎందుకంటే అందులో అసలు సంగతి రాయలేదు. కాలేజీ ఉన్నది కొండ మీద. దానికి పోయేది బస్సు. ఆ బస్సు పోయేది మలుపుల రోడ్డు. మూడో రోజు అమ్మను గదిలో పడుకోబెట్టి నేనూ రూతూ వెళ్ళి చేరి రావాలని నా లోపలి ప్లాను. ఊరంతా చూపించి, ఆ ఒక్క రోడ్డు చూపించకుండా సరే అనిపించుకోవడం. దీన్ని మోసం అనొచ్చు. నేను అప్పట్లో తెలివి అనుకున్నాను.

ఆటోలో ముందు సీటు

బుధవారం పొద్దున్నే విశాఖలో దిగాం. నలుగురు మనుషులం, ఐదు సంచులు, ఒక పది లీటర్ల నీళ్ళ క్యాను. క్యాను ఎందుకంటే మా నాయన నమ్మకం ప్రకారం ఊరు మారితే నీళ్ళు పడవు. మా ఊరి బోరు నీళ్ళు తాగి పళ్ళు పచ్చబడినవాడు ఇంకో ఊరి నీళ్ళను అనుమానించడం నాకు నచ్చింది.

స్టేషను బయట ఆటో మాట్లాడాను. అమ్మ మారు మాట్లాడకుండా వెళ్ళి డ్రైవరు పక్కన అర సీటు మీద కూర్చుంది. మా రాచర్ల ఆటోల్లో డ్రైవరుకు అటొకరు ఇటొకరు కూర్చోకపోతే బండి కదలదు, డ్రైవరుకే ఒక్కోసారి చోటుండదు. ఈ ఆటో అతను మాత్రం అదిరిపోయాడు.

"ఏటమ్మా, ఎనక కూకోండి! సీటంతా కాళీయే గదా!"

"ఇక్కడైతే గాలొస్తాది నాయనా. నువ్వు పోనీ."

"పోలీసులు సూస్తే పైను ఏసేస్తారమ్మా."

"ఏస్తే నేను మాట్లాడతా లే."

అతను నా వైపు చూశాడు. మాట్లాడగలదు అన్నట్టు తలూపాను. చివరికి ఒప్పందం కుదిరింది. అమ్మ వెనక అంచున, తల బయటకు పెట్టి కూర్చునేట్టు, అతను ఆమె చెప్పినప్పుడల్లా మెల్లగా పోనిచ్చేట్టు. పెదవాల్తేరు దాకా మెల్లగానే పోనిచ్చాడు. దిగేటప్పుడు "ఒళ్ళు బాగోలేదా అమ్మా" అని అడిగి, డిక్కీలోంచి ఒక నిమ్మకాయ తీసి చేతిలో పెట్టాడు. ఆటోలో నిమ్మకాయలు దిష్టికి కడతారని తెలుసు గాని, స్పేరు పెట్టుకుంటారని అక్కడే చూశాను.

మా బస రాజకుమారి గారింట్లో. ఆమె ఎవరో మాకు తెలియదు, మేమెవరో ఆమెకు తెలియదు. మా పాస్టరయ్య ఒక ఉత్తరం రాసిచ్చాడు, అందులో "మన బిడ్డలు" అన్న రెండు మాటలు తప్ప నాకు పనికొచ్చేది ఏమీ కనపడలేదు. ఆమె టైలరు. ఉత్తరం చదివి, మడిచి, బైబిల్లో పెట్టి, మిద్దె మీద గది తాళం తీసింది. అద్దె ఎంత అని నాయన నసిగాడు.

"బిడ్డల దగ్గర ఎవులైనా అద్దె తీసుకుంటారేటండీ? కాళ్ళు కడుక్కుని వచ్చీయండి, పులుసు చల్లారిపోతంది."

ఆ పులుసులో బెల్లం ఉంది. ఉత్తరాంధ్రలో పులుసుకు బెల్లం వేస్తారని విన్నాను గాని, మా పక్క మనిషి నోటికి అది ఎలా ఉంటుందో ఊహించలేదు. నాయన ఒక ముద్ద తిని నా చెవిలో "ఇది కూరనా, పాయసమా?" అన్నాడు. అమ్మ బల్లకింద కాలితో ఒకటి తన్నింది. ఆ తన్ను నాకు తగిలింది. సాయంత్రానికి అందరికీ ఆ రుచి అలవాటైంది. ఇంటికి వచ్చిన మూడో రోజు నాయన "ఆ పులుసు ఒకసారి చెయ్యగూడదా" అని అడిగాడు.

కిటికీలు లేని ఓడ

మధ్యాహ్నం నడిచి బీచికి దిగాం. ఆ ఊళ్ళో ఏ సందు పట్టుకున్నా సముద్రంలోకే దిగుతుంది. తిరిగి రావడమే సమస్య. సముద్రం చూసినవాళ్ళు ఏం అనాలో పుస్తకాల్లో ఉంటుంది. మా నాయన ఆ పుస్తకాలు చదవలేదు. ఒక దోసెడు నోట్లో పోసుకుని, ఉమ్మి, కాసేపు ఆలోచించి, "మన బోరు కన్నా కొంచెం మేలు" అన్నాడు.

ఒడ్డున పెద్ద సబ్‌మెరైను పెట్టి, టికెట్టు కొన్నవాళ్ళను లోపలికి పంపుతున్నారు. నా ప్లానులో అది పెద్ద అక్షరాలతో ఉంది. అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"కిటికీలేవి?"

"ఉండవు మా. నీళ్ళ లోపల పోతాది గదా."

"తలుపులేసుకోని నీళ్ళలో పోతాదా? దీని కంటే కారే నయం." పక్కనే మొక్కజొన్న కంకులు కాల్చే ఆవిడ దగ్గర చతికిలబడింది. "మీరు పోయి రాండి."

మేం ముగ్గురం లోపలికి పోయి, నావికులు ఎంత ఇరుకులో బతికారో చూసి ఆశ్చర్యపోయాం. నాయన ఒక్కడు ఆశ్చర్యపోలేదు. ఇళ్ళు కట్టే బేల్దారి పనికి పోయినచోట గదికి పన్నెండుమంది పడుకున్న మనిషి. బయటకు వచ్చేసరికి అమ్మ కంకులు తిప్పుతోంది. కాల్చే ఆవిడ పక్కన కూర్చుని కబుర్లు చెబుతోంది. రెండు కంకులు మాకు ఊరికే ఇచ్చింది. ఉప్పు, కారం, నిమ్మకాయ. ఆ నిమ్మకాయ మాదే.

రాత్రి పడుకునేముందు రూతు గుసగుసగా అడిగింది, "అన్నా, అమ్మకు ఊరు నచ్చినట్టేనా?"

"కంకులు నచ్చినాయి. ఊరి సంగతి రేపు తేలతాది."

కనపడే కొండ

మా పక్క మనుషుల తప్పు ఒకటుంది. పెద్దారవీడు నుంచి గిద్దలూరు దాకా ఎక్కడ నిలబడ్డా నల్లమల కనపడుతుంది. మధ్యలో అడ్డం ఏమీ ఉండదు, కంది చేలు తప్ప. అందుకని కనపడేది ఏదైనా నడిచిపోయే దూరంలో ఉన్నట్టే మాకు లెక్క.

మిద్దె మీద నిలబడితే కైలాసగిరి కనపడింది. "కనపడతానే ఉండాది గదా, బండెందుకు?" అన్నాడు నాయన. పొద్దున ఐదింటికి బయల్దేరాం. విశాఖలో కొండ కనపడుతుంది, సందులోకి దిగగానే మాయమవుతుంది, మళ్ళీ ఎక్కగానే ఇంకోవైపున కనపడుతుంది. నాయన దాన్ని సొంత పగలా తీసుకున్నాడు. "ఈసారి యాడికి పోతాదో చూస్తా" అని ముందు నడిచాడు. రెండుసార్లు ఒకే పాల బూతు ముందు తేలాం. రెండోసారి ఆ బూతు ఆయన పిలిచి టీ ఇప్పించి, చేత్తో దారి గీసి చూపించాడు.

కొండకు మెట్లున్నాయి. తీగ మీద పోయే గాజు పెట్టెలు కూడా ఉన్నాయి. అమ్మ వాటిని చూసి చూపు తిప్పుకుంది. చీర కొంగు నడుముకు దోపి, మేస్త్రి గొంతు ఎత్తింది.

"ఆ చెట్టు దాకా ఒక సాలు. సాలు తెగిందాకా ఎవరూ కూర్చోగూడదు. కూర్చుంటే కాళ్ళు పట్టేస్తాయి."

"మేము కూలికి రాలేదు మా" అంది రూతు.

"మాటలాపి పద. మాటకు దమ్ము పోతాది."

అలా సాలు తర్వాత సాలు కోసుకుంటూ పైకి పోయాం. దిగి వస్తున్న లావుపాటి పెద్దమనిషి ఒకాయన ఆగి, "మీ అమ్మగారు ఏం ట్రైనింగమ్మా?" అని రూతును అడిగాడు. "మిరపకాయలు" అంది రూతు.

పైన చిన్న రైలుంది, కొండ చుట్టూ తిప్పుతుంది. కిటికీలకు అద్దాల్లేని చోటు చూసి అమ్మను కూర్చోబెట్టాను. ఆమె నవ్వింది. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు ఊరు, మధ్యలో మేము సద్ది మూట విప్పి, జొన్నరొట్టె, ఊరుమిండి పచ్చడి. నేను లోపల్లోపల గెలిచినట్టే అనుకున్నాను.

అప్పుడు అమ్మ అడిగింది, "పిల్ల కాలేజీ యాడుండాది?"

రూతు నా వైపు చూసింది. అబద్ధం చెప్పడం దానికి రాదు, దాని వాటా కూడా నాకే వచ్చింది. "అదిగో, ఆ కొండవాలులో తెల్ల బిల్డింగు" అంది. అమ్మ చాలాసేపు అటే చూసింది. బిల్డింగు కంటే ఎక్కువగా, దాని కిందినుంచి మెలికలు తిరుగుతూ పైకి పోయే రోడ్డును చూసింది. ఆ రోడ్డు మీద ఏదో మెల్లగా పాకుతోంది.

"అది బస్సేనా?"

"లారీ అనుకుంటా మా" అన్నాను.

అది బస్సే. నాకు కళ్ళు బాగానే కనపడతాయి.

చేపల బండి

కిందికి దిగేసరికి పదకొండు దాటింది. బీచి రోడ్డు పక్కన నీడన నిలబడ్డాం, నలుగురం వరసగా. ఖాళీ చేపల ట్రేలు, వాటి వెనక ఐసు గడ్డలు వేసుకుని ట్రాలీ ఆటో ఒకటి వచ్చింది. అమ్మ అలవాటుగా చెయ్యెత్తింది. బండి ఆగింది.

"హార్బరే గదా?" అన్నాడు డ్రైవరు.

హార్బరు సాయంత్రం ప్లానులో ఉంది. ముందే చూస్తే పోయేదేముంది? "హార్బరే" అన్నాను. "ఎక్కీయండి, లేటైపోనాది" అన్నాడు. అర నిమిషంలో నలుగురం పైన ఉన్నాం. మిరప కోతలకు అలాగే ఎక్కుతాం. ఎంతిస్తావు, ఎందుకాపావు అని ఎవరూ అడగలేదు. అమ్మ ట్రేల మీద కూర్చుని, గాలికి మొహం పెట్టి, "ఇదీ బండంటే" అంది. విశాఖ బీచి రోడ్డు మొత్తం మేము చేపల వాసనలో చూశాం. మీరు వెళ్ళినా అలాగే చూడమని నా సలహా. నాలుగువైపులా కనపడుతుంది.

హార్బరులో ఆగగానే డ్రైవరు వెనక రేకు దించి, గోనెపట్టాలు మా చేతుల్లో పెట్టాడు. "ముందు ఐసు దించీయండి. తరవాత ట్రేలు."

నాయన ఆ పట్టా వైపు చూసి గంభీరంగా చెప్పాడు. "మేము టూరిస్టులం."

డ్రైవరు నాయన భుజం మీది తువ్వాలును, చేతిలోని సద్ది మూటను, హవాయి చెప్పులను వరసగా చూశాడు. "కొండ కింద నలుగురు కూలీలు నిలబడుంటారు, ఎక్కించుకు రమ్మన్నారు. మీరు నలుగురు. నిలబడున్నారు. చెయ్యెత్తినారు." అతని వాదనలో ఎక్కడా తప్పు దొరకలేదు.

అమ్మకు వేరే బెంగ పట్టుకుంది. "అయితే ఆ నలుగురు ఇంకా ఆడనే నిలబడి ఉంటారు గదా! పో నాయనా, వాళ్ళ కూలి పోతాది. మళ్ళీ పోయి పిల్చకరాపో. ఐసు మేము దించుతాం లే."

అతను పరిగెత్తాడు. మేం దించాం. టూరిస్టుగా ఐసు గడ్డ మోయడం నాకు మొదటిసారి. అది చల్లగా ఉంటుందని అందరికీ తెలుసు, ఎంత జారుతుందో మోస్తేగాని తెలియదు. ఒకటి నా కాళ్ళ మీద పడి రెండు ముక్కలైంది. నయం, కాలు ఒకటే ముక్కగా ఉంది.

ఆ సరుకు తెప్పించిన ఆమె పేరు నూకాలమ్మ. నడివయసు, గొంతు మా అమ్మదానికి సాటి. అసలు కూలీలు వచ్చి, సంగతి తెలిసి, హార్బరంతా ఒక విడత నవ్వుకున్నాక, ఆమె మాకు డబ్బివ్వబోతే అమ్మ తీసుకోలేదు. దాంతో షెడ్డు వెనక పెనం పెట్టి, అప్పుడే దిగిన చేపలు వేయించి, అన్నం పెట్టింది. అలాంటి చేప నాకు మళ్ళీ దొరకదు. అంత ఆకలి కావాలంటే ముందు ఐసు మొయ్యాలి.

తింటుండగా అడిగింది, "ఈ పిల్ల ఏటి సదువుతాది?"

అమ్మ చెప్పింది, సీటు సంగతి, రేపు ఒంటిగంట సంగతి, కారు పడని సంగతి.

"కారెక్కమని ఎవులన్నారప్పా? బస్సుంది గదా."

"కొండెక్కే బస్సు ఎట్లుంటాదో తెల్దు గదా వదినా."

"మూడు రోజుల్నుంచి తిరుగుతున్నారంటన్నావు?"

"రెండు."

నూకాలమ్మ నా వైపు తిరిగింది. నేను చేప ముళ్ళు తియ్యడంలో మునిగిపోయాను. "ఏటి బాబూ, ఊరంతా సూపించినావు. పిల్ల ఉండే జాగా సూపించనేదా?"

అమ్మ చెయ్యి కడుక్కుని, నిదానంగా అడిగింది. "పొద్దున పైకి పోయింది లారీనా?"

"కాదు."

"బస్సే గదా?"

"బస్సే."

ఆమె కంచాలన్నీ ఏరి కడగడానికి కూర్చుంది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది, తిట్లకు నా దగ్గర జవాబులు తయారుగా ఉంటాయి. సాయంత్రం మిద్దె మీద రూతు నన్ను మూలకు లాగింది. "అన్నా, నువ్వు నాకు సీటు ఇప్పిస్తా ఉండావా, ఊడగొడతా ఉండావా?"

మేస్త్రి పద్ధతి

శుక్రవారం పొద్దున ఆరింటికి అమ్మ స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, చేతిసంచి పట్టుకుని నిలబడింది.

"నేను ఆ కాలేజీకి పోయొస్తా. మీరెవ్వరూ రాగూడదు."

"నేనొస్తా" అన్నాడు నాయన లేస్తూ.

"నువ్వసలే వద్దు."

నేను ఏదో అనబోయాను. ఆమె నా వైపు తిరిగింది. "ఏ ఊరి చేనుకైనా ముఠాను తీసకపోయే ముందు నేనొక్కదాన్నే పోయి చూసొస్తానా లేదా? నీళ్ళుండాయా, నీడ ఉండాదా, దారి ఎట్లుండాది. పాతికమందిని ఎనకేసుకోని పోతే వాళ్ళ మొహాలు చూసేదానికే సరిపోతాది, ఇంగ చేనేం చూస్తా? రెండు రోజులు నువ్వు నాకు ఊరు చూపించలేదు రా. నన్ను ఎత్తుకోని తిప్పినావు. రేపు దీనికి జొరమొస్తే నువ్వొచ్చి నన్ను ఎత్తుకోని పోతావా?"

ఆమెకు తెలుగు చదవడం వచ్చు, బైబిలు చదివి నేర్చుకుంది. బస్సు బోర్డు చదవగలదు, కాకపోతే వాక్యం చదివినంత నిదానంగా. అంతసేపు బస్సు ఆగుతుందా అన్నదే మా భయం. రాజకుమారి గారు ఏ స్టాపులో ఏది ఎక్కాలో చెప్పింది. మేం చెప్పిన ఆటో అతని సంగతి గుర్తుందో ఏమో, ఒక నిమ్మకాయ కూడా ఇచ్చింది. అమ్మ ఎక్కింది. బస్సు పోయింది. మేం ముగ్గురం ఆ స్టాపు బల్ల మీదే కూర్చున్నాం.

వెనకటి యాత్రికులు శిఖరాల గురించి రాశారు. నేను ఆ బల్ల గురించి రాస్తాను. ఇనుప బల్ల, ఒక కాలు పొట్టి. నాయన అటు కదిలితే మేమిద్దరం ఇటు లేస్తాం. నాయన కదలకుండా ఉండలేడు. ఏడు దాటింది. ఎనిమిదైంది. రాజకుమారి గారు క్యారియరులో ఇడ్లీలు తెచ్చి, మా మొహాలు చూసి, తానూ కూర్చుంది. బల్లకు సమతూకం వచ్చింది.

ఫోను చేశాను. మోగి ఆగిపోయింది. అమ్మ ఫోనును గుడ్డలో చుట్టి సంచి అడుగున పెడుతుంది, దొంగలకు దొరక్కుండా. మాకూ దొరకదు.

"ఆమెను మనం పంపకుండా ఉండాల్సింది రా" అన్నాడు నాయన, కళ్ళు తుడుచుకుంటూ.

"మనం యాడ పంపినాం నాయనా? మనల్ని రానీలేదంతే."

తొమ్మిది. రూతు సర్టిఫికెట్ల కవరు ఒళ్ళో పెట్టుకుని, చివర్లు నలుపుతోంది. "అన్నా, వద్దంటే నేను ఏడవను లే" అంది. అప్పటికే ఏడుస్తోంది. నేను జోకు వేద్దామని నోరు తెరిచి, మూసి, దానికి ఒక ఇడ్లీ అందించాను. నా జీవితంలో అలా జరగడం అరుదు, మా దుకాణంలో అడిగి చూడండి.

పదింపావుకు మా బల్ల ముందే ఒక బస్సు ఆగింది. కొండ దిగి వచ్చే బస్సు రోడ్డుకు అవతలి వైపు ఆగాలి. దాంట్లోంచి అమ్మ దిగింది. ముందు తల, తర్వాత సంచి, తర్వాత మిగతా మనిషి. నేరుగా వచ్చి, బల్ల మీద కూర్చుని, నీళ్ళు అడిగింది. నాయన స్టాపు దాకా మోసుకొచ్చిన మా ఊరి క్యాను ఎత్తి ఇచ్చాడు.

"ఎట్లుండాది?" అన్నాడు.

ఆమె మేస్త్రి లెక్క చెప్పింది. "నీళ్ళుండాయి. రెండు ట్యాంకులు. ఆడపిల్లలుండే చోట గోడ ఎత్తుగా ఉంది. వాచ్‌మెన్ ముసిలాయన, లోపలికి పోనీలేదు, అది మంచిదే. వార్డెనమ్మను పిల్చినాడు. ఆమె ఉప్మా పెట్టింది. ఉప్పు లేదు." ఇంకో గుటక తాగింది. "వచ్చేటప్పుడు దిగే చోటు దాటిపోయినా. ఆఖరి స్టాపు దాకా పోయి ఇంకో బస్సులో తిరుక్కోని వచ్చినా."

"అది కాదు" అన్నాడు నాయన. "నీకు ఎట్లుండాది?"

"పొయ్యేటప్పుడు నాలుగో మలుపులో కక్కుకున్నా."

రూతు కవరు మూసేసింది.

"నిమ్మకాయ?" అన్నాను నేను.

"అది చేతిలో ఉండంగనే కక్కినా. ఒక పిల్ల పక్కనుండి లేచొచ్చి నా నొసలు పట్టుకునింది. ఆ కాలేజీ పిల్లే, తెల్లగుడ్డలేసుకోని ఉంది. ఏ ఊరని అడగలేదు, పేరడగలేదు. నొసలు పట్టుకోని, అయిపోయినాక తన చున్నీతోనే మూతి తుడిచింది. నీకు అసయ్యం లేదా అమ్మా అన్నా. 'మొదట్లో ఉండింది పెద్దమ్మా, ఇప్పుడు పోయింది' అనింది."

"మరి బస్సు దిగేసినావా?"

"ఎందుకు దిగుతా?" అమ్మకు నిజంగానే అర్థం కాలేదు. "కక్కినాక ఇంగేముంది? మలుపులు ఎనిమిది. మిగతా నాలుగు బాగనే కూర్చున్నా. పదైదేండ్లు దానికి భయపడి యాడికీ పోలేదు, అది అయిపోయేది రెండు నిమిషాలకే." రూతు ఒళ్ళో కవరు చూసింది. "కాయితాలన్నీ ఉండాయా? లెయ్యి మరి, ఒంటిగంటకు మూస్తారంట."

రూతు లేచింది. నాయన లేచాడు. బల్ల ఒక్కసారిగా పైకి లేచి రాజకుమారి గారిని దాదాపు రోడ్డు మీదికి విసిరింది. ఆమె నవ్వుతూనే ఉంది.

ఎనిమిది మలుపులు

కొండ బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ఈ మూడు రోజులూ దారి చెప్పింది నేను. ఇప్పుడు ఆమె చెబుతోంది. "ఇది మొదటిది. ఇక్కడ కొంచెం ఎగరేస్తాది, పట్టుకోండి... ఇది రెండోది. ఇదేం లేదు." నాయన రెండు చేతులతో ముందు సీటు కమ్మీ పట్టుకున్నాడు, ఆయన మొహంలో రంగు మారుతోంది. అమ్మ చూసి, కొంగు చివర తడిపి ఆయన మెడ మీద వేసింది.

బస్సు ఇంకోసారి తిరిగింది. కింద సముద్రం మొత్తం ఒకేసారి బయటపడింది, ఎండకు మెరుస్తూ, కైలాసగిరి మీదినుంచి కనపడినదానికంటే పెద్దగా. బస్సులో వాళ్ళంతా అటు చూశారు.

అమ్మ మాత్రం ఇటువైపు, కొండ గోడ వైపు వేలు చూపించింది.

"ఇదే నాలుగోది" అంది మాతో.

మేం ముగ్గురం సముద్రం వదిలేసి అటు తిరిగి, చూశాం.